న్యా ట్రాంగ్‌లో నింపాదిగా

*వియత్నాం వెళ్లడమంటే వారంలో ఐదు ఊళ్లు చుట్టి రావడమే అయిపోయింది మనవాళ్లకి. ఒకే ఒక్క తీరపట్నంలో మకాం వేసి, ఏ కార్యక్రమమూ పెట్టుకోకుండా కూర్చున్న ఓ విశాఖ జంట చెప్పే ముచ్చట్లివి.*

తెల్లవారుజామున ఐదయ్యేసరికి ఊళ్లో సగం మంది నీళ్లలోనే ఉన్నారు.

సూర్యుడింకా రాలేదు. దీవుల వెనక ఆకాశం కాస్త పలచబడిందంతే. ట్రాన్ ఫూ రోడ్డుకు ఇటుపక్క అద్దాల హోటళ్లు నిద్రపోతున్నాయి. అటుపక్క ఇసుక మీద మాత్రం ఒకటే సందడి. పూలపూల చొక్కాలు వేసుకున్న ఆడవాళ్లు పాటలు పెట్టుకుని చేతులూపుతున్నారు. డెబ్బై దాటిన ఆయనొకరు ఇనప కడ్డీ పట్టుకుని వేలాడుతున్నాడు. పీకల్లోతు నీళ్లలో గుండ్రంగా నిలబడి నలుగురు ముసలమ్మలు కబుర్లు చెప్పుకుంటున్నారు. అల వచ్చినప్పుడల్లా నలుగురూ ఒక్కసారే లేచి ఒక్కసారే దిగుతున్నారు గానీ మాట మాత్రం ఆగడం లేదు.

మాకు కాస్త దూరంలో ఒక పెద్దాయన మెడదాకా ఇసుకలో ఉన్నాడు. ఒంటినొప్పులకు మంచిదని ఇక్కడ చాలామంది అలా ఇసుకలో పడుకుంటారు. ఆయన భార్య రెండు చేతులతో ఇసుక తోసి పైన కప్పుతూ ఏదో ఏకబిగిన అంటోంది. భాష రాకపోయినా తిడుతోందని తెలిసిపోయింది.

“చూశారా, ఎంత శ్రద్ధగా పూడ్చిపెడుతోందో!” అన్నాను మావారితో.

“నీకూ ఆ ఉద్దేశం ఉంటే ముందే చెప్పు” అన్నారాయన.

ఆయన ఉద్యోగమంతా విశాఖ పోర్టులోనే గడిచింది. సముద్రం కనబడితే ఓడ ఎప్పుడొస్తుంది, గాలి ఎటు తిరుగుతోంది అనే ఆలోచనే తప్ప, ఒడ్డున ఊరికే కూర్చోవడం మా ఇంట్లో ఎవరికీ అలవాటు లేదు. రిటైరయ్యాక ఆ అలవాటు చేసుకుందామని ఇంత దూరం వచ్చాం. ఆర్కే బీచ్‌లోనే చేసుకోవచ్చుగా అని మా అమ్మాయి అడిగింది. ఆర్కే బీచ్‌లో కూర్చుంటే పది నిమిషాలకొకరు తెలిసినవాళ్లు తగులుతారు మరి!

ఏడు గంటలకల్లా ఇసుక ఖాళీ. ఊరివాళ్లు స్నానాలు చేసి పనుల్లోకి వెళ్లిపోయారు. ఎండెక్కాక మొదలయ్యేది టూరిస్టుల హడావుడి. ఆ వేళకి స్థానిక ఆడవాళ్లు ముఖానికి గుడ్డ, చేతులకు తొడుగులు, తలకు టోపీ లేకుండా గడప దాటరు. సముద్రం ఒడ్డున బతికేవాళ్లకు ఏ వేళ దాని దగ్గరికి వెళ్లాలో తెలుసు.

వారంలో ఐదు ఊళ్లు

తెలుగు రాష్ట్రాల్లో ఇప్పుడు ఏ అపార్ట్‌మెంటులో చూసినా వియత్నాం వెళ్లొచ్చిన కుటుంబం ఒకటైనా ఉంటోంది. ఒకప్పుడు సింగపూర్, బ్యాంకాక్ అన్నవాళ్లు ఇటు తిరిగారు. 2019లో వియత్నాం వెళ్లిన భారతీయులు సుమారు 1.69 లక్షలు. 2024 నాటికి ఆ లెక్క 5 లక్షలు దాటింది. హైదరాబాద్ నుంచి నేరుగా విమానాలూ వచ్చాయి. ఇంట్లో కూర్చుని ఈ-వీసా తీసుకోవచ్చు. 2023 ఆగస్టు నుంచి అది 90 రోజుల దాకా చెల్లుతోంది. ఒక్క రూపాయికి దాదాపు మూడొందల డాంగ్‌లు వస్తుంటే చేతిలో డబ్బు ఎక్కువున్నట్టే అనిపిస్తుంది. జనం ఎగబడటానికి ఇంతకన్నా ఏం కావాలి?

ఎగబడి ఏం చేస్తున్నారన్నదే నా ప్రశ్న. ప్యాకేజీ అంటే హనోయ్, హలాంగ్ బే, దనాంగ్, హోయ్ ఆన్, హో చి మిన్ సిటీ. దేశం ఆ చివరి నుంచి ఈ చివరి దాకా వారంలో అయిపోవాలి. దనాంగ్ దగ్గర రెండు పెద్ద చేతులు మోస్తున్నట్టు కట్టిన బంగారు వంతెన మీద ఫొటో దిగకపోతే అసలు వెళ్లనట్టే లెక్క. రాత్రి రెండింటికి లేచి, సగం నిద్రలో విమానమెక్కి, ఇండియన్ రెస్టారెంట్‌లో పన్నీరు కూర తిని, తిరిగొచ్చి వారం రోజులు పడుకునేవాళ్లను నేనెరుగుదును. మా ట్రావెల్ ఏజెంటు కుర్రాడికైతే మా కోరిక అర్థమే కాలేదు. “మేడమ్, ఒకే ఊళ్లో అన్నాళ్లు ఏం చేస్తారు?” అని రెండుసార్లు అడిగాడు. ఏమీ చేయం నాయనా అంటే, ఆ వయసులో నమ్మడం కష్టమే.

న్యా ట్రాంగ్‌నే ఎంచుకోవడానికి పెద్ద పరిశోధనేం చేయలేదు. ఊరి నడిబొడ్డునే తీరం ఉంటుంది, నడిచి వెళ్లొచ్చు, ప్రతిదానికీ బండి అక్కర్లేదు అన్నారు. ఫ్రెంచివాళ్లు విడిది చేసిన ఊరు. యుద్ధకాలంలో అమెరికన్ సైనికులు సెలవులకు వచ్చిన ఊరు. దగ్గర్లోని కామ్ రాన్‌లో సోవియట్ నౌకా స్థావరం ఉండేది, 2002లో ఖాళీ చేశారు. రష్యన్ టూరిస్టులు మాత్రం ఈ తీరాన్ని వదల్లేదు. మందుల దుకాణం మీద కూడా రష్యన్ అక్షరాలు కనిపిస్తాయి. మనం దిగేది ఆ కామ్ రాన్ విమానాశ్రయంలోనే. ఊరు అక్కడికి 30 కిలోమీటర్ల పైచిలుకు.

రెండు స్టూళ్ల మర్యాద

తీరం ఎదుటి హోటళ్ల జోలికి పోకుండా వెనక సందులో ఒక ఇంటి మేడమీద గది తీసుకున్నాం. ఇంటావిడ కింద ఉంటుంది. మొదటిరోజే ఫోన్లో అనువాదం పెట్టి నా వయసెంత అని అడిగింది. నేను తనకన్నా పెద్దో చిన్నో తేలితే గానీ నన్నేమని పిలవాలో ఆవిడకు తెలియదట. అక్కా అనాలా, పిన్నీ అనాలా అని మనమూ చూసుకుంటాం కాబట్టి నాకేం వింతనిపించలేదు. నేను పెద్దదాన్నని తేలింది. ఆ తర్వాత పిల్లలెంతమంది, అల్లుడేం చేస్తాడు, జీతమెంత... పరీక్ష పూర్తిగానే సాగింది.

పొద్దున్నే కాఫీకి సందు మొగలోని దుకాణానికి వెళ్లేవాళ్లం. వియత్నాం కాఫీకి తొందర పనికిరాదు. గ్లాసు మీద చిన్న లోహపు వడపోత పెడతారు, పేరు ఫిన్. చుక్కా చుక్కా దిగాలి. కింద గ్లాసులో చిక్కటి డబ్బాపాలు. తాజా పాలు దొరకని ఫ్రెంచి రోజుల్లో మొదలైన అలవాటు అది, అలాగే నిలిచిపోయింది. దిగాక కలిపి, ఐసు వేసుకుని తాగాలి. ప్రపంచంలో బ్రెజిల్ తర్వాత ఎక్కువ కాఫీ పండించేది ఈ దేశమే. ఎక్కువగా రోబస్టా. ఘాటు అంటే ఘాటే. ఫిల్టర్ కాఫీ తప్ప ఇంకోటి కాఫీయే కాదనే మావారు రెండో గ్లాసు అడగడం నేను నా కళ్లతో చూశాను.

అక్కడ కూర్చునేవి జానెడు ఎత్తు ప్లాస్టిక్ స్టూళ్లు. మావారి మోకాళ్లు వాటికి ఒప్పుకోలేదు. కూర్చునేటప్పుడు ఆయన పడిన అవస్థ దుకాణం కుర్రాడు గమనించాడు. మర్నాడు మేం కనబడగానే ఒక స్టూలు మీద ఇంకో స్టూలు బోర్లించకుండా సర్ది పెట్టాడు. ఆ తర్వాత మేం వెళ్లినప్పుడల్లా ఆ జంట స్టూలు మాకోసం సిద్ధంగా ఉండేది. రోజుకో ఊరు మారేవాళ్లకు ఈ మర్యాద దక్కదు. ఎన్ని నక్షత్రాల హోటల్లో దిగినా సరే.

పదకొండున్నర దాటితే ఊరు మెల్లగా కళ్లు మూస్తుంది. మధ్యాహ్నం నిద్ర ఇక్కడ బద్ధకం కింద లెక్కకాదు. ఆఫీసుల్లో చాపలు పరుచుకుని పడుకుంటారు. బ్యాంకు కిటికీలు మూసేస్తారు. బైకు టాక్సీవాళ్లు బండి సీటు మీదే వెల్లకిలా పడుకుని, హ్యాండిలు మీద కాళ్లు పెట్టి, పడిపోకుండా నిద్రపోతారు. అది ఎలా సాధ్యమో మావారు చాలాసేపు పరిశీలించారు. మా ఇంట్లో మధ్యాహ్నం కునుకు తీసినందుకు నన్ను ఎగతాళి చేసిన మనిషి, వరండాలో ఊయల కనబడగానే అందులో చేరిపోయారు.

కొండమీది అమ్మవారు

ఊరికి ఉత్తరాన కాయ్ నది సముద్రంలో కలిసేచోట చిన్న గుట్ట. దానిమీద ఎర్ర ఇటుకల గోపురాలు. వంతెన మీంచి చూస్తే కింద రంగురంగుల పడవలు, పైన పో నగర్ గుడి. టూర్ బస్సు ఇక్కడ అరగంట ఆపుతుంది. మేం ఎండ తగ్గాక వెళ్లి, దీపాల వేళ దాకా ఉన్నాం. నచ్చి మళ్లీ వెళ్లాం.

మధ్య వియత్నాం తీరాన్ని వందల ఏళ్లు ఏలిన చంపా రాజ్యంలో ఈ ప్రాంతం పేరు కౌఠార. రాజుల పేర్లు సత్యవర్మ, ఇంద్రవర్మ, విక్రాంతవర్మ. 774లో సముద్రం మీదుగా వచ్చిన దండు ఇక్కడి పాత గుడిని తగలబెట్టింది. పదేళ్లకు, 784లో, సత్యవర్మ దాన్ని మళ్లీ కట్టించాడు. ఆ తర్వాత ఒక్కో రాజు ఒక్కో గోపురం చేరుస్తూ పోయాడు. ఇప్పుడు నిలిచినవి నాలుగు. పెద్దది సుమారు 23 మీటర్ల ఎత్తు. దాని ద్వారం పైన మహిషం మీద నిలిచిన నాలుగు చేతుల దుర్గ. లోపల పది చేతుల అమ్మవారు. ఇటుకకీ ఇటుకకీ మధ్య సున్నం జాడ కంటికి కనబడదు. ఏం పెట్టి అతికించారో పండితులు ఇప్పటికీ వాదించుకుంటున్నారు. కిందనున్న మండపానికి కప్పు పోయి, 22 ఇటుక స్తంభాలు మిగిలాయి.

మా ఇద్దరినీ కట్టిపడేసింది శిల్పం కాదు, జనం. చంపా జనమైన చామ్‌ల దేవతను వియత్నామీలు తమ అమ్మగా చేసుకున్నారు. పట్టుబట్టలు కట్టి, కిరీటం పెట్టి, థియెన్ యి ఆ నా అని కొలుస్తున్నారు. చాంద్రమానంలో మూడో నెల 20 నుంచి 23 దాకా జాతర. పళ్లూ పూలూ పళ్లేల్లో పెట్టుకుని ఆడవాళ్లు వరసలో నిలబడటం, పూజారి రాకముందే ముందుకు తోసుకోవడం, చెప్పులు ఎక్కడ విడిచామో వెతుక్కోవడం... నాకు కొత్తగా తోచలేదు.

స్థల పురాణం ఇంకా బాగుంది. అడవి పక్కన పుచ్చకాయలు పండించుకునే ముసలి దంపతులకు పిల్లల్లేరు. రాత్రుళ్లు తోటలో కాయలు మాయమవుతుంటే కాపు కాశారు. వెన్నెల్లో ఒక పిల్ల కాయలతో ఆడుకుంటూ దొరికింది. పెంచుకున్నారు. ఒకరోజు కోప్పడ్డారు. ఆ పిల్ల వరదలో కొట్టుకొచ్చిన అగరు దుంగలో దూరి సముద్రం మీద ఉత్తరాదికి వెళ్లిపోయింది. అక్కడ రాజకుమారుణ్ని పెళ్లాడింది, బిడ్డల్ని కన్నది. ఇంటిమీద బెంగతో మళ్లీ అదే దుంగలో తిరిగొచ్చేసరికి అమ్మానాన్నలు లేరు. వాళ్లకు గుడి కట్టి, ఊరివాళ్లకు సేద్యం, నేత నేర్పి, ఆకాశానికి వెళ్లిపోయింది. ఈ కథ ఫోన్లో చదివి వినిపిస్తుంటే మావారు ఏమీ మాట్లాడలేదు. మా అమ్మాయి డల్లాస్‌లో ఉంటుంది.

చామ్‌లు ఎక్కడికీ పోలేదు. 2019 జనాభా లెక్కల ప్రకారం వియత్నాంలో దాదాపు 1.79 లక్షల మంది ఉన్నారు. వారిలో కొందరు ఇప్పటికీ తమ తీరులో హిందూ ఆచారాలు పాటిస్తారు. వాళ్లు ఎక్కువగా ఉండే నిన్ థువాన్ ప్రాంతాన్ని 2025 జులైలో న్యా ట్రాంగ్ ఉన్న ఖాన్ హోవా రాష్ట్రంలో కలిపారు. గుట్టమీద మగ్గం ముందు కూర్చుని బట్ట నేస్తున్నది చామ్ ఆడవాళ్లే.

> నాగార్జునకొండ అక్షరాల పోలిక
>
> న్యా ట్రాంగ్ పక్కనున్న వో కాన్ అనే పల్లెలో 19వ శతాబ్దంలో ఒక నిలువెత్తు రాతిశాసనం బయటపడింది. ఎత్తు సుమారు రెండున్నర మీటర్లు, భాష సంస్కృతం. శ్రీమారుడనే రాజు వంశానికి చెందిన ఒకాయన తన సంపదను అయినవాళ్లకు పంచుతున్నట్టు అందులో ఉంది. ఆగ్నేయాసియాలో దొరికిన అతిపాత సంస్కృత శాసనాల్లో ఇదొకటి. కాలం రెండో శతాబ్దమా నాలుగా అన్నది తేలలేదు. లిపిని పరిశీలించిన కొందరు పండితులు దీన్ని నాగార్జునకొండ ఇక్ష్వాకుల నాటి శాసనాలతో పోల్చారు. కృష్ణా తీరపు రేవుల నుంచి తూర్పుకు ఓడలు వెళ్లిన రోజులవి. ప్రస్తుతం శాసనం హనోయ్‌లోని జాతీయ చరిత్ర మ్యూజియంలో ఉంది.

తూటికూర, పొంగనాలు, పచ్చిమామిడి

నేను శాకాహారిని. మావారు చేప కనబడితే ఆగరు. కాబట్టి ఈ ఊరు ఆయనకు స్వర్గం, నాకు పరీక్ష. వియత్నాం వంటింట్లో ఉప్పు కన్నా ముందు పడేది నుయోక్ మామ్, అంటే చేపల్ని ఉప్పులో నెలల తరబడి ఊరవేసి తీసిన రసం. ఆకుకూర అని తెచ్చిపెట్టినదాంట్లోనూ అది ఉండొచ్చు.

నన్ను కాపాడింది “చాయ్” అనే మాట. తాగేది కాదు, శాకాహారమని అర్థం. ఇక్కడ బౌద్ధులు చాలామంది చాంద్రమాన నెలలో మొదటిరోజూ పదిహేనో రోజూ మాంసం, చేపలు ముట్టరు. అందుకని ఏ పేటలో చూసినా “చాయ్” అని బోర్డు పెట్టిన ఒక చిన్న హోటలు ఉంటుంది. వెల్లుల్లి వేసి వేయించిన తూటికూర, టోఫు, అన్నం. మన దగ్గర చెరువుగట్టున వదిలేసే ఆ కూరని ఇక్కడ ఇంత ఇష్టంగా తింటారని తెలిస్తే మా అత్తగారు సంతోషించేవారు.

సాయంత్రాల్లో బాన్ కాన్. మట్టి మూకుళ్లలో బియ్యప్పిండి పోసి, బొగ్గుల మీద కాల్చి తీస్తారు. నూటికి నూరుపాళ్లు మన గుంతపొంగనాలే. ఇది చామ్‌ల వంటకమని చాలామంది చెబుతారు. రొయ్యలూ గుడ్లూ వేయకుండా ఉత్తవి కావాలని సైగ చేస్తే పొయ్యి ముందు కూర్చున్నావిడ జాలిగా చూసి, పైన ఉల్లికాడలు ఎక్కువేసి ఇచ్చింది. మావారు ఈలోగా పక్క బండి దగ్గర జెల్లీ చేప వేసిన నూడుల్స్ తింటున్నారు. ఎలా ఉందంటే “కరకరలాడుతోంది” అన్నారు, అంతకు మించి వివరం వద్దన్నాను. ఇద్దరం కలిసి తిన్నది తోపుడుబండి మీది పచ్చిమామిడి ముక్కలు, ఉప్పూ కారం అద్దుకుని. కామ్ లామ్ తోటల మామిడికి ఇక్కడ మంచి పేరు.

ఈ ఊరే చాలనుకున్న డాక్టరు

తీరం రోడ్డులో పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్ ఆవరణలో డాక్టర్ యెర్సాన్ పేరిట చిన్న మ్యూజియం ఉంది. టూర్లవాళ్లు రారు. ఒక ఊళ్లో కూర్చుండిపోవడమంటే ఏమిటో తెలియాలంటే అక్కడికే వెళ్లాలి.

అలెగ్జాండర్ యెర్సాన్ స్విట్జర్లాండ్‌లో 1863లో పుట్టాడు. పారిస్‌లో లూయీ పాశ్చర్ ప్రయోగశాలలో మంచి భవిష్యత్తు ఉండగానే వదిలేసి ఓడ డాక్టరుగా తూర్పుకు వచ్చాడు. 1891లో న్యా ట్రాంగ్‌లో దిగాడు. ఓడ మీంచి చూసిన తీరం మనసులో పడిపోయింది. 1894లో హాంకాంగ్‌లో ప్లేగు చెలరేగితే వెళ్లి, వెదురు గుడిసెలో పెట్టుకున్న ప్రయోగశాలలో ఆ వ్యాధి క్రిమిని పట్టుకున్నాడు. యెర్సీనియా పెస్టిస్ అన్న పేరు ఆయనదే. బొంబాయిని ప్లేగు వణికిస్తున్న 1897లో తన సీరం పట్టుకుని అక్కడికీ వచ్చాడు. అనుకున్నంత ఫలితం రాలేదు.

ఇంత చేసినవాడు పారిస్ వెళ్లి సన్మానాలు చేయించుకోవచ్చు. ఆయన జాలర్ల పేటలో ఇల్లు వేసుకుని ఇక్కడే ఉండిపోయాడు. రబ్బరు చెట్లు, మలేరియా మందుకు సింకోనా చెట్లు తెచ్చి పెంచాడు. సైకిలు తొక్కాడు, ఫొటోలు తీశాడు, దూరదర్శిని పెట్టి ఆకాశం చూశాడు. తుఫాను వచ్చే సూచన కనబడితే జాలర్లను ముందే హెచ్చరించేవాడు. పెళ్లి చేసుకోలేదు. 1943 మార్చి 1న ఇక్కడే కన్నుమూశాడు. ఊరికి కాస్త దూరంలో సమాధి, అక్కడ ఊరివాళ్లు ఇప్పటికీ అగరొత్తులు వెలిగిస్తారు. వలసపాలకుల పేర్లున్న వీధులెన్నో పేర్లు మార్చుకున్నాయి గానీ ఈయన పేరు వీధుల మీద అలాగే ఉంది. “పెళ్లి చేసుకోలేదు కాబట్టి ఇన్ని పనులు చేయగలిగాడు” అని మావారి వ్యాఖ్యానం. దాని సంగతి గదికి వెళ్లాక చూసుకున్నాం.

తీరం మీద పడ్డ బరువు

న్యా ట్రాంగ్ పాడవని తీరమని ఎవరైనా చెబితే నమ్మకండి. గత రెండు దశాబ్దాల్లో తీరం పొడవునా మేడలు లేచాయి. మధ్యాహ్నం మూడు దాటితే కొన్నిచోట్ల వాటి నీడే ఇసుక మీద పడుతుంది. కొవిడ్ కాలంలో విదేశీయులు ఆగిపోయాక సగంలో నిలిచిన కట్టడాలు మాకు ఇంకా కనిపించాయి.

నీటి లోపలి సంగతి మరీ అన్యాయం. అఖాతంలోని హోన్ మున్ దీవి చుట్టూ పగడపు దిబ్బలుండేవి, డైవింగుకు పేరుపడ్డ చోటు. 2017 నవంబరులో దామ్రీ తుఫాను ఈ తీరాన్ని తాకింది. దానికి తోడు పడవల లంగర్లు, దొంగచాటు వేట, తీరంలో కట్టడాల మట్టి, వేడెక్కుతున్న నీళ్లు. పగడాలు దారుణంగా చచ్చిపోయాయని బయటపడి గోల లేవడంతో 2022 జూన్‌లో ఆ దీవి దగ్గర ఈత, డైవింగు ఆపేయాల్సి వచ్చింది. చూడటానికి వెళ్లినవాళ్లే చూసేదాన్ని తొక్కేశారు. 2018 నవంబరులో ఊరి చుట్టూ కొండచరియలు విరిగి ఇళ్ల మీద పడ్డాయి. 2025 నవంబరు వరదల్లో మధ్య వియత్నాం మునిగినప్పుడు న్యా ట్రాంగ్ వీధులూ నీళ్లలో ఉన్నాయి. రుషికొండ తవ్వకాలు చూసిన విశాఖవాళ్లకు ఈ వరస అర్థం కావడానికి గైడు అక్కర్లేదు.

ఒక సాయంత్రం ఇంటావిడ తన ఫోన్లో దామ్రీ నాటి ఫొటోలు చూపించింది. రేకుల కప్పు లేని ఇదే ఇల్లు. మావారు తన ఫోన్లో 2014 అక్టోబరు 12 నాటి హుద్‌హుద్ ఫొటోలు తీసి చూపించారు. మా వీధిలో పడిపోయిన చెట్లు, కరెంటు స్తంభాలు. ఎన్నాళ్లు కరెంటు లేదు, నీళ్లెక్కడ తెచ్చుకున్నారు అని ఇద్దరూ వేళ్లతో లెక్కలు చెప్పుకున్నారు. ఆ వేళ అనువాదం పెట్టుకోవాలని ఎవరికీ తట్టలేదు.

> వెళ్లేవాళ్లకు నాలుగు మాటలు
>
> ఈ-వీసా ప్రభుత్వ వెబ్‌సైట్‌లోనే తీసుకోండి, ఒకసారి ప్రవేశానికి 25 డాలర్లు. గడియారం గంటన్నర ముందుకు తిప్పుకోవాలి. డాంగ్ నోట్లలో 20 వేలదీ 5 లక్షలదీ రెండూ నీలంగానే ఉంటాయి, చీకట్లో తీసేటప్పుడు సున్నాలు చూసుకోండి. రోడ్డు దాటేటప్పుడు పరిగెత్తకుండా ఒకే వేగంతో నడవాలి, బైకులవాళ్లే తప్పుకుంటారు. పో నగర్‌లో భుజాలు, మోకాళ్లు కప్పుకోవాలి. శాకాహారులు “తోయ్ ఆన్ చాయ్” అన్న మాట కంఠస్థం చేసుకోండి.

జనం తక్కువున్న తీరమే కావాలనుకుంటే ఉత్తరాన క్వీ న్యోన్ మేలు, అక్కడా చంపా గోపురాలున్నాయి. బజారూ కావాలి, గుడీ కావాలి, సాయంత్రం కాళ్లు తడుపుకోవడానికి నడిచి వెళ్లేంత దగ్గర్లో సముద్రమూ కావాలంటే మాత్రం న్యా ట్రాంగ్‌కే నా ఓటు. మీ ప్యాకేజీలో ఐదు ఊళ్లుంటే మూడు కొట్టేయమని ఏజెంటుకు చెప్పండి, అతను ఏమనుకున్నా పర్లేదు. గది తీరం ఎదుట కాకుండా వెనక సందుల్లో చూసుకోండి. ఫిబ్రవరి నుంచి ఆగస్టు దాకా ఎప్పుడైనా వెళ్లొచ్చు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానలూ తుఫాన్లూ, ఆ మూడు నెలలూ టికెట్ ఎంత చవగ్గా వచ్చినా కొనకండి.